ప్రాణభయానికి ఫ్లెక్సీ కట్టిన ఊరు

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా వాడకట్టులో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు. ఒకసారి విడమరచి చెబితే మా ఆడబిడ్డ నోరు తెరుచుకుని వింది. "అంటే వదినా, వేరే దేశంల సంపుతమన్నోళ్ళను తెచ్చి మన కరీంనగర్ల పెట్టుకుంటరా? గిదేం కొలువే తల్లీ!" అంది. ఆ తర్వాత నా మీద కొంచెం జాలి చూపించడం మొదలుపెట్టింది.

ఆమె చెప్పింది తప్పేమీ కాదు. కొన్ని దేశాల్లో ప్రొఫెసర్లు తాము కనుక్కున్నది కనుక్కున్నట్టు రాస్తే ఇంటికి మనుషులు వస్తారు. అటువంటి వాళ్ళను మరో దేశంలోని విద్యాసంస్థ ఒకటి రెండేళ్ళు పిలిచి, జీతమూ గదీ ఇచ్చి, వాళ్ళ పని వాళ్ళను చేసుకోనిస్తుంది. దానికి ఫెలోషిప్ అని పేరు. ఖర్చులో సగం విదేశంలోని ఒక ట్రస్టు ఇస్తుంది, మిగతా సగం పిలిచిన సంస్థ పెట్టుకోవాలి. కరీంనగర్ పొలిమేరల్లో ఉన్న ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో ఆ విభాగాన్ని రిటైరయ్యే దాకా నేనే చూశాను. సంస్థ పేరు రాయను. రాస్తే సంతోషించేది మా డైరెక్టర్ గారొక్కరే.

ఈ మధ్య ఇదే పనిలో చేరిన పిల్లలు కొందరు మీ అనుభవాలు రాయండి మేడం అని వెంటపడ్డారు. నా ప్రమోషన్ల గురించి రాయను, రాసేటన్ని రాలేదు కూడా. ఫైళ్ళ గురించి మీకు ఎలాగూ తెలుస్తుంది. మనుషుల గురించి రాస్తాను.

ముప్పుకు రుజువు

ఫెలోషిప్ ఇవ్వాలంటే ముందు ఎంపిక కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే ముందు ఉప్మా రావాలి. ఉప్మా వచ్చాక, ఎక్కడో ఎవరి ఇంటి కిటికీలోంచో తుపాకీ పేలిన సంగతి మీద చర్చ మొదలయ్యేది.

మా కమిటీలో రిటైర్డు ప్రిన్సిపాల్ ఒకాయన ఉండేవాడు. ప్రతి దరఖాస్తుకూ ఆయనది ఒకటే ప్రశ్న: "ముప్పు ఉన్నదని రుజువేంది? బెదిరిచ్చినోళ్ళు రాసి ఇచ్చిండ్రా?" ఒక చరిత్ర ప్రొఫెసర్ తన గుమ్మం మీద అంటించిన బెదిరింపు కాగితం ఫోటో పంపాడు. ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "సంతకం లేదు గద మేడం!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "అవును సార్. తొందరల రబ్బరు స్టాంపు గూడ మర్చిపోయిండ్రట," అన్నాను. ఆయన తలూపి, "స్టాంపు లేదు" అని శ్రద్ధగా రాసుకున్నాడు.

ఆ చరిత్ర ప్రొఫెసర్‌ను మేం తేల్చేలోపు ఇంకో దేశంలో ఇంకో సంస్థ పిలుచుకుని పోయింది. ఆయన అదృష్టవంతుడు. పిల్లలూ, ఒకటి గుర్తు పెట్టుకోండి: మిమ్మల్ని సాయం అడిగిన మనిషికి టైం ఉండదు, మీ కమిటీకి టైం తప్ప ఇంకేమీ ఉండదు. సభ్యులను కూర్చోబెట్టి సంతకాలు తీసుకోండి, ఉప్మా తర్వాత పెట్టండి. నేను ఆ పద్ధతి మొదలుపెట్టాక మా నిర్ణయాలు ఎంత వేగంగా జరిగాయో చూసి విదేశీ ట్రస్టువాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

ఆమె వచ్చింది

ఆ మెచ్చుకోలు తర్వాత వచ్చిన మనిషే సమీరా. అది నేను పెట్టిన పేరు. ఆమె అసలు పేరు గానీ దేశం గానీ ఇందులో ఉండవు.

ఆమె నీళ్ళ మీద పని చేసిన రసాయన శాస్త్రవేత్త. వాళ్ళ ఊరి నదిలో గని వదిలే మురుగు వల్ల సీసం ఎంత కలుస్తోందో కొలిచి, పిల్లల రక్తంలో ఎంత చేరిందో కొలిచి, అచ్చు వేయించింది. ఆ గని అక్కడ తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళ చేతిలో ఉంది. ఆమె తప్పించుకుని బయటపడింది గానీ, కళ్ళద్దాల దుకాణం నడిపే తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు. సరిహద్దు దాటడానికి దారి చూసుకుంటున్నాడు. అక్క ఎక్కడో మారుమూల బంధువుల ఇంట్లో జబ్బుపడి ఉందని అతను అందరికీ చెప్పుకొస్తున్నాడు. ఆమె దేశం దాటి, పరాయి సంస్థలో కూర్చుని అదే పని చేస్తోందని తెలిసిన నాడు వాళ్ళు తమ్ముణ్ణి పట్టుకుపోతారు.

వచ్చిన రోజే ఈ సంగతి ఆమె నాకు చెప్పింది. నేను తిన్నగా డైరెక్టర్ గారి గదికి వెళ్ళి, "సార్, తమ్ముడు బయటపడేదాక ఈమె పేరు గానీ ఫోటో గానీ ఎక్కడ రావొద్దు. పేపర్ల వద్దు, వెబ్‌సైటుల వద్దు," అని చెప్పాను. ఆయన చాలా గంభీరంగా, "నా ప్రాణం పోయినా చెప్ప మేడం," అన్నారు. డైరెక్టర్ గారు ప్రాణం మీద ఒట్టేస్తే దానర్థం ఏమిటో అప్పటికి నాకు తెలిసి ఉండాల్సింది.

ఆమెకు ఇల్లు వెతకడం ఇంకో కథ. ప్రాణభయంతో వచ్చిన మనిషంటే ఎవరూ భయపడలేదు, అందరికీ కావలసింది కులం. "వాళ్ళ దేశంల కులం ఉండదు," అంటే ఒకాయన నవ్వాడు. "అట్లెట్లుంటది మేడం? ఏదో ఒకటి ఉంటది, మీకు చెప్పలే అంతే!" చివరికి రాజవ్వ అనే ముసలామె తన మేడమీది గది ఇచ్చింది. ఆమె కొడుకు మస్కట్‌లో పని చేస్తాడు. రాజవ్వ అడిగిన ప్రశ్న ఒక్కటే: "తిన్నదా పిల్ల?"

రాజవ్వకు తెలుగు తప్ప ఇంకేమీ రాదు, సమీరాకు తెలుగు తప్ప మిగతావన్నీ వచ్చు. నెలలు తిరిగేసరికి సమీరా మెట్ల మీద నుంచి "అవ్వా, నీళ్ళొచ్చినయ్!" అని అరవడం నేనే విన్నాను.

ఏడవలేదేంటి?

ఇటువంటి అతిథులు వస్తే మన విద్యావంతులకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ఆ మనిషి చేసిన పని ఏమిటో ఎవరూ అడగరు. ఎలా తప్పించుకొచ్చిందో చెప్పమంటారు. సమీరా ఉన్నదని సంస్థలో తెలియగానే ప్రతి శాఖవాళ్ళూ ఆమెను టీకి పిలిచారు. నేను పేరు మార్చి, ఫోన్లు బల్ల మీద బోర్లా పెట్టించి తీసుకుపోయేదాన్ని. ఆమె సీసం గురించి మాట్లాడేది, వాళ్ళు బిస్కెట్లు తింటూ సరిహద్దు దాటిన కథ కోసం ఎదురుచూసేవాళ్ళు. ఒక శాఖాధిపతి అయితే బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, "గంత కష్టపడ్డది అంటిరి, ఒక్కసారి గూడ ఏడ్వలేదేంది?" అని బాధపడ్డాడు. ఆయన జేబురుమాలు కూడా తెచ్చుకున్నాడు పాపం.

ఆమెకు కావలసింది నీళ్ళ పరీక్షకు నాలుగు పరికరాలు, ఒక గది. అవి ఇప్పించాను. ఇస్తే ఊరుకుంటుందా? ఊరి చుట్టుపక్కల బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్షలు మొదలుపెట్టింది. అందులో గ్రానైట్ కోత మిల్లుల పక్కన బోర్లు కూడా ఉన్నాయి. మా సంస్థ చైర్మన్‌ది గ్రానైట్ వ్యాపారం. డైరెక్టర్ గారు నన్ను పిలిపించారు.

"మేడం, ఆమెకు జర నచ్చజెప్పుండ్రి. అక్కడ ముప్పు ఉన్నదని ఇక్కడికి తెచ్చుకుంటిమి. ఇక్కడ గూడ ముప్పు తెచ్చుకుంటే ఇగ ఏడ పెట్టాలె?"

"సార్, ఆమె ధైర్యవంతురాలని మీరే గద మీటింగుల చెప్పిండ్రు?"

"అక్కడి నీళ్ళ గురించి మాట్లాడితే ధైర్యం మేడం. ఇక్కడి నీళ్ళ గురించి మాట్లాడితే అది వేరే."

ఆయన మనసులో మాట అంత సూటిగా చెప్పడం నేను వినడం అదే మొదలు. ఒక రకంగా ఆయన మీద గౌరవం కలిగింది. సమీరాకు నేను ఏమీ నచ్చజెప్పలేదు.

కమాన్ దగ్గర

కరీంనగర్‌లో మనిషి పుడితే ఫ్లెక్సీ, పెళ్ళయితే ఫ్లెక్సీ, పోతే ఫ్లెక్సీ. దుబాయి నుంచి సెలవు మీద వచ్చినా ఫ్లెక్సీయే. శాలువా కప్పకుండా, ఫ్లెక్సీ కట్టకుండా ఒక మనిషిని గౌరవించవచ్చని మా దగ్గర చెబితే పిసినారి అనుకుంటారు. ఇది తెలిసి కూడా సంస్థ వార్షికోత్సవం దగ్గర పడుతుంటే నేను నిశ్చింతగా ఉన్నాను.

ఒక పొద్దున కూరగాయలమ్మే మనిషి నాకు టమాటలు తూస్తూ, "రాజవ్వ ఇంట్ల ఉండే మీ ఫారిన్ మేడం ఫోటో కమాన్ కాడ మస్తు పెద్దగ ఏసిండ్రు గదమ్మా!" అన్నాడు. సంచీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను.

నిజమే. ఊరి నడిమధ్య కమాన్ గేటు పక్కన, ఇంటి ఎత్తున ఫ్లెక్సీ. మధ్యలో చైర్మన్ గారు చేతులు జోడించి, పక్కన డైరెక్టర్ గారు, ఆ చుట్టూ చైర్మన్ గారి అల్లుళ్ళు నల్ల కళ్ళద్దాలతో. కింద మూలన సమీరా, గుర్తింపు కార్డులోని ఫోటో. అక్షరాలు ఇవి: "ప్రాణభయంతో పరదేశం వీడి మన గడ్డను ఆశ్రయించిన మహా శాస్త్రవేత్తకు స్వాగతం, సుస్వాగతం!" కింద ఆమె అసలు పేరు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. అక్కడే రోడ్డు మీద నిలబడి డైరెక్టర్ గారికి ఫోన్ చేశాను.

"సార్, పేరు రావొద్దని ఒట్టేసిండ్రు గద!"

"పేపర్ల రానియ్యలే మేడం. వెబ్‌సైటుల రానియ్యలే. గిది మనూరి ఫ్లెక్సీ, అక్కడ్నుంచి గీడికి ఎవడొస్తడు చూడనీకి?"

"వెంటనే తీపిచ్చుండ్రి సార్."

"చైర్మన్ సార్ ఫోటో ఉన్నది మేడం, తీస్తే ఏమన్న ఉన్నదా? పంక్షన్ అయినంక చూద్దాం. అయినా నాకు తెల్వక అడుగుత, ముప్పు ఉన్నామెను మనం పెట్టుకున్నమని ఎవ్వలకు తెల్వకపోతే, ఇగ పెట్టుకున్నదెందుకు?"

ఈ ఒక్క వాక్యం కోసమే ఈ వ్యాసం రాస్తున్నానేమో. పిల్లలూ, మీరు ఏ సంస్థలో చేరినా ఈ ప్రశ్న గోడల వెనక ఉంటుంది. నా డైరెక్టర్ గారు నోరు విప్పి అడిగారు, అంతే తేడా.

ఫోన్ పెట్టేసి ఆ ఫ్లెక్సీ కొట్టిన యాసీన్ భాయ్ దుకాణానికి పోయాను. మనిషి మంచివాడు, మా ఇంటి శుభకార్యాలన్నీ ఆయన చేతి మీదే రంగుల్లోకి మారాయి. నన్ను చూడగానే, "ఎట్లున్నది మేడం? కలర్ సూస్తిరా?" అన్నాడు ఉబ్బిపోతూ. ఆయనకు ఒక అలవాటు ఉంది. కొట్టిన ప్రతి ఫ్లెక్సీనీ వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. ఇదీ పెట్టాడు. రాజవ్వ కొడుకు మస్కట్‌లో దాన్ని చూసి, "గీ మేడం మా ఇంట్లనే ఉంటది" అని గొప్పగా రాసి తన లేబర్ క్యాంపులో వాళ్ళకు పంపి, ఆ సంగతి యాసీన్ భాయ్‌కు కూడా మెసేజ్ పెట్టాడు. ఆ క్యాంపులో సమీరా దేశంవాళ్ళు కూడా పని చేస్తారు. డైరెక్టర్ గారు గీడికి ఎవడొస్తడన్న ఫ్లెక్సీ ఆ పాటికే సముద్రం దాటింది.

నా మొహం

పంపిన ఫోటోను వెనక్కి పిలవలేం. యాసీన్ భాయ్ దుకాణంలో కుర్చీలో కూలబడ్డాను. అప్పుడు ఎదురుగా గోడకు ఆనించిన పాత ఫ్లెక్సీ ఒకటి కంటపడింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, అందులో చనిపోయినాయన బదులు బతికున్న తమ్ముడి ఫోటో పడితే తిరిగొచ్చినది. మా ఊళ్ళో ఫ్లెక్సీలో ఫోటో తప్పు పడిందంటే పసిపిల్లవాడు కూడా నమ్ముతాడు.

"భాయ్, గదే ఫ్లెక్సీ మళ్ళ కొట్టు. అదే పేరు, అవే అక్షరాలు. ఆమె ఫోటో తీసి నా ఫోటో పెట్టు. ముందటిదాంట్ల ఫోటో తప్పుపడ్డది, గిదే అసలుది అని నీ స్టేటస్‌ల రాయి."

ఆయన మొహం మాడిపోయింది. "నా దుకాన్ల తప్పు పడ్డదని నేనే రాసుకోవాల్నా? ఇజ్జత్ పోతది మేడం!"

"భాయ్, ఆమె తమ్ముడు ఇంక అక్కడనే ఉన్నడు. గా ఫోటో చూస్తే సంపుతరు. గా పేరుది వేరే ఆమె అని వాళ్ళు అనుకోవాలె."

యాసీన్ భాయ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "ఫోటో ఇయ్యుండ్రి," అన్నాడు. నా ఫోన్లో ఉన్నది మా మేనకోడలి పెళ్ళిలో పట్టుచీర, వడ్డాణంతో దిగిన ఫోటో ఒక్కటే. ప్రాణభయంతో పరదేశం వీడిన మహా శాస్త్రవేత్త వడ్డాణం పెట్టుకుని కమాన్ దగ్గర వెలిసింది. పాతదాని మీదే కొత్తది కట్టించాం. చైర్మన్ గారి మొహం ఇంకొంచెం పెద్దది చేయించాను కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. రాజవ్వ చేత కొడుక్కు ఫోన్ చేయించి, ముందుది తప్పు ఫోటో అని, కొత్తది అందరికీ పంపించాను.

వార్షికోత్సవానికి సమీరా రాలేదు. డైరెక్టర్ గారు పళ్ళు నూరుతూ నన్నే వేదిక ఎక్కించారు. చైర్మన్ గారు నా మీద శాలువా కప్పి, ఏ దేశమమ్మా మీది అని ఇంగ్లీషులో అడిగారు. "చెన్నూరు," అని మా పుట్టినూరి పేరు చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "అక్కడ పరిస్థితి చాలా ఘోరంగా ఉందట, టీవీలో చూస్తున్నాను," అన్నారు.

వారం పాటు గల్ఫ్ నుంచి నాకు చుట్టాల ఫోన్లే ఫోన్లు. "అక్కా, నిన్నెవలు సంపుతమన్నరే? బావనా?" అని మా చిన్నాన్న కొడుకు షార్జా నుంచి ఏడుపు గొంతుతో అడిగాడు. మా ఆయన ఆ సంగతి విన్నప్పటి నుంచి తలవంచుకుని తిరిగాడు. మా ఇంట్లో అంత నవ్వు అంతకుముందు లేదు. నేను గెలిచాననుకున్నాను.

చెవి

తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం సమీరా గదికి పోతే సీసాలు కడుగుతోంది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది. నా వైపు తిరగకుండానే చెప్పింది.

రెండు ఫోటోలూ వాళ్ళ ఊరు చేరాయి. ఆమెను ఎన్నడూ చూడని మనుషులు తమ్ముడి దుకాణానికి వచ్చి, అతణ్ణి తీసుకుపోయి, రెండూ చూపించి, ఏది నీ అక్క అని కొట్టారు. అతను రెండూ కాదన్నాడు. ఒకే పేరు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరికి వడ్డాణం. వాళ్ళకు ఏమీ పాలుపోలేదు. చివరికి ఇది వేరే మనిషి గొడవ అనుకుని వదిలిపెట్టారు. అతను దుకాణం అలాగే వదిలేసి సరిహద్దు దాటాడు. బతికే ఉన్నాడు. దెబ్బలకు ఒక చెవి మాత్రం పోయింది.

"నేను ఫోన్ చేస్తే ఇప్పుడు రెండో చెవికి మార్చుకోవాలట," అంది. అప్పుడు ఏడ్చింది. జేబురుమాలు తెచ్చుకున్న శాఖాధిపతి అక్కడ లేనందుకు సంతోషించాను. నేనూ ఏడ్చాను, సిగ్గుతోనూ కోపంతోనూ.

రాజవ్వ ఆ సాయంత్రం సమీరా చేతులు పట్టుకుని, "నా కొడుకే పంపిండు బిడ్డా. గొప్పకు పోయి పంపిండు. నన్ను తిట్టు," అంది. సమీరా తిట్టలేదు, ఆమె దగ్గరే కూర్చుని అన్నం తింది. యాసీన్ భాయ్ స్టేటస్‌లో ఫ్లెక్సీలు పెట్టడం మానేశాడు.

డైరెక్టర్ గారికి చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే ఇంకో సంస్థ అక్కాతమ్ముళ్ళిద్దరికీ చోటిస్తానంది, సమీరా గడువుకు ముందే వెళ్తానంది. ఆయన విని, ఊపిరి పీల్చుకుని, "ఎట్లయితేంది, పిలగాడు బతికిండు గద! పోయే ముందల చిన్నగ ఒక సభ పెడుదాం మేడం. తమ్మునికి గూడ ఒక శాలువా పంపుదాం," అన్నారు.

"పంపుండ్రి సార్. చెవి మీద కప్పుకుంటడు," అన్నాను. సభ జరగలేదు.

వెళ్ళే రోజు సమీరా మా ఇంటికి వచ్చింది. వీసా, టికెట్ అంతా ట్రస్టువాళ్ళు నేరుగా చూశారు, నా చేతి మీదుగా పోలేదు. భోజనం పెట్టి, మాటల్లో అలవాటుగా అడిగాను, "ఏ ఊరికి పోతున్నవు బిడ్డా?" అని.

ఆమె నన్ను చూసింది. రాజవ్వ నేర్పిన తెలుగులో, మెల్లగా, "నేను చెప్ప అక్కా," అంది.

నిజం చెప్పాలంటే చురుక్కుమంది. వడ్డాణంతో ఫ్లెక్సీ ఎక్కిన మనిషిని, నాకు కూడానా? కోపం వచ్చింది, ఆ వెంటే ఏడుపు వచ్చింది. తర్వాత ఆమె తల మీద చెయ్యి పెట్టి, "చెప్పకు. ఎవ్వలకు చెప్పకు," అన్నాను. గేటు దాకా కూడా పోలేదు. ఆటో ఎటు తిరిగిందో చూడలేదు.

మొన్న డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. సంస్థ వార్షిక సంచికలో పాత అతిథుల ఫోటోలు, ఇప్పుడు వాళ్ళుంటున్న ఊళ్ళు వేస్తున్నారట. "ఆమె ఏడ ఉన్నది మేడం ఇప్పుడు?" అని అడిగారు. తెలియదన్నాను. నమ్మలేదు, మళ్ళీ మళ్ళీ అడిగారు. అన్నిసార్లూ తెలియదనే చెప్పాను. ముప్ఫై ఏళ్ళ కొలువులో గానీ ఆ తర్వాత గానీ ఆ మనిషికి నేను అంత సంతోషంగా చెప్పిన నిజం ఇంకొకటి లేదు.